పిల్లలు మాట్లాడటం మానేస్తే ఎవరికి చెప్పాలి? 14416 నుంచి ప్రభుత్వాసుపత్రి ఓపీ దాకా

ముందుగా కొన్ని నంబర్లు. బతకాలని లేదని అనిపిస్తున్నా, ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడుతున్నా 14416కు ఫోన్ చేయండి. ఇప్పటికే ప్రాణాపాయం ఉంటే 108 లేదా 112. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు వేధింపుల్లో, ప్రమాదంలో ఉంటే 1098. అన్నీ ఉచితమే, రాత్రీ పగలూ పనిచేస్తాయి. అత్యవసరంలో ఉన్నవారు ఫోన్ చేసేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2023లో దేశంలో 1,71,418 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,892 మంది విద్యార్థులు. అంతకు ముందు ఏడాది విద్యార్థుల సంఖ్య 13,044. ఏటా చనిపోతున్నవారిలో దాదాపు మూడో వంతు మంది 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసువారు. వీరంతా కాలేజీ పిల్లలు కారు. మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రాడు, కొత్తగా పెళ్లయిన అమ్మాయి, కౌలు పొలం చేస్తున్న యువకుడు కూడా ఇందులో ఉంటారు. ఫలితాల సీజన్‌లో మాత్రమే ఈ విషయం వార్తల్లోకి వస్తుంది కాబట్టి ఇదంతా మార్కుల సమస్యే అన్న అభిప్రాయం బలపడిపోయింది.

వైద్యం లేదా అంటే ఉంది. చాలావరకు డబ్బు ఖర్చు లేకుండానే ఉంది. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని కూడా అదే సర్వే చెప్పింది. వైద్యుల కొరత ఒక కారణం. దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేరు. అయితే తెలుగు రాష్ట్రాల్లో చాలా కుటుంబాలు ఆగిపోయేది అంతకంటే ముందే. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియదు, వెళితే కేసవుతుందేమోనని, ఊళ్లో తెలిసిపోతుందేమోనని భయం.

14416కు ఫోన్ చేస్తే ఏమవుతుంది?

ఇది కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు. 2022 అక్టోబరు 10న మొదలైంది. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దీని కేంద్రాలున్నాయి. కాల్ కలవగానే భాష ఎంచుకోమంటారు. తెలుగు సహా 20 భాషలున్నాయి. బెంగళూరులోనో చెన్నైలోనో హాస్టల్లో ఉంటున్న తెలుగు విద్యార్థి అక్కడి నుంచి చేసినా తెలుగు ఎంచుకుని మాట్లాడవచ్చు. 14416 కలవకపోతే 1800-89-14416కు చేయండి. ఇదీ టోల్ ఫ్రీ నంబరే.

మొదట మాట్లాడేది శిక్షణ పొందిన కౌన్సెలర్. డాక్టరు కాదు. ఏం జరిగింది, ఎన్నాళ్లుగా జరుగుతోంది, నిద్ర ఎలా ఉంది, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా, ప్రస్తుతం పక్కన ఎవరున్నారు వంటివి అడుగుతారు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. మాటలతో తేలేది కాదనుకుంటే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, లేదా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్లమంటారు. తల్లిదండ్రులు, స్నేహితులు, లెక్చరర్లు కూడా ఫోన్ చేయవచ్చు. 'మా అబ్బాయి ఫోన్ పట్టుకోడు, నేనేం చేయాలి?' అని అడగటానికీ ఇదే నంబరు.

ఒక్క కాల్‌తో అంతా సర్దుకుంటుందని అనుకోవద్దు. ఆ రాత్రి గడవడానికి, మర్నాడు ఎక్కడికి వెళ్లాలో తెలియడానికి ఫోన్ పనికొస్తుంది. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లేది మాత్రం ఇంట్లోవాళ్లే. చాలామంది విషయంలో ఈ రెండో అడుగే పడటం లేదు.

విదేశాల్లో చదువుతున్న పిల్లలకు ఈ టోల్ ఫ్రీ నంబరు మీద ఆధారపడటం కష్టం. అమెరికాలో ఉన్నవారు 988కు ఫోన్ చేయాలి. ఇంగ్లిష్‌లో చెప్పుకోలేకపోతే దుబాసీ కావాలని అడగవచ్చు.

అడిగితే లేని ఆలోచన పుడుతుందా?

పుట్టదు. 'చనిపోవాలని అనిపిస్తోందా?' అని సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా నాటినట్టవుతుందన్నది పెద్దవాళ్ల భయం. ఈ విషయంపై జరిగిన పరిశోధనల్లో అలాంటి హాని కనిపించలేదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది.

ఎప్పుడు అడగాలి? నిద్ర బాగా తగ్గినా, పొద్దస్తమానం నిద్రపోతున్నా, తిండి మానేసినా, స్నేహితుల ఫోన్లు ఎత్తకపోయినా గమనించండి. ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చేయడం, 'నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుతుంది', 'ఇంకొన్నాళ్లేలే' లాంటి మాటలు అనడం ఇంకా గట్టి సంకేతాలు. రోజుల తరబడి కుమిలిపోతున్నవారు ఒక్కసారిగా ప్రశాంతంగా మారినా తేలిగ్గా తీసుకోవద్దు.

అడిగేటప్పుడు పక్కన కూర్చోండి, గది బయటి నుంచి అడగొద్దు. 'నాన్నా, కొన్ని రోజులుగా నువ్వు నువ్వులా లేవు. బతకాలని అనిపించట్లేదా? చెప్పు, నేను తిట్టను' అంటే చాలు. అవునంటే వెంటనే ధైర్యం చెప్పేయాలని, ఉదాహరణలు చూపించాలని నోరు తొందరపడుతుంది. కాసేపు వినండి. 'అంత చిన్న విషయానికా?', 'మా రోజుల్లో మేమెన్ని పడ్డామో తెలుసా?', 'మీ బాబాయి కొడుకును చూడు' అన్న మూడు మాటల్లో ఏది అన్నా సంభాషణ అక్కడితో ముగుస్తుంది. ఇంకెవరికీ చెప్పొద్దని మీ చేత ఒట్టు వేయించుకోబోతే వేయకండి. 'నీ ప్రాణం విషయంలో నేనొక్కణ్నే మోయలేను, ఇద్దరం కలిసి డాక్టరుకు చెబుదాం' అనండి. ఇది స్నేహితులకూ వర్తిస్తుంది. హాస్టల్లో ఈ సంగతి అందరికంటే ముందు తెలిసేది రూమ్మేట్‌కే.

ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. పొలం ఉన్న ఇళ్లలో పురుగుమందులు, ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు చేతికందని చోటికి మార్చండి. తాళం వేయండి, వీలైతే కొన్నాళ్లు వేరే ఇంట్లో ఉంచండి. 'చేసుకోవాలనుకున్నవాడిని ఎవరాపగలరు?' అంటారు చాలామంది. అది తప్పు. తీవ్రమైన ఆవేశం చాలాసార్లు నిమిషాల్లోనో గంటల్లోనో తగ్గుతుంది. ఆ కాసేపు ప్రమాదకరమైనది చేతికి దొరక్కపోతే ప్రాణం నిలుస్తుంది, అలా బయటపడ్డవారిలో అత్యధికులు తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక ఆత్మహత్యల రేటు భారీగా పడిపోయింది.

కేసు అవుతుందా?

ఈ ఒక్క భయం వల్ల జరుగుతున్న నష్టం ఎక్కువ. ప్రయత్నం చేసిన పిల్లల్ని ఆసుపత్రికి తెచ్చి 'పొరపాటున తాగాడు', 'దగ్గు మందనుకుంది' అని రాయిస్తారు. శరీరానికి వైద్యం జరుగుతుంది, రెండు రోజులకు డిశ్చార్జి అవుతారు. మనసు సంగతి ఎవరూ చూడరు, ఎందుకంటే కాగితం మీద అది పొరపాటు. ఒకసారి ప్రయత్నించినవారికి డిశ్చార్జి తర్వాతి వారాలు చాలా ప్రమాదకరమైనవని మానసిక వైద్యులు చెబుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లలు ఏ వైద్యమూ లేకుండా ఇంట్లో ఉంటున్నారు.

చట్టం మారింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి. విచారించి శిక్షించకూడదు. వారికి చికిత్స, పునరావాసం అందించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది అదే సెక్షన్. పాత భారతీయ శిక్షాస్మృతిలో 309 సెక్షన్ ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని తన విధి చేయనీయకుండా అడ్డుకోవడానికో, ఒత్తిడి చేయడానికో ఆత్మహత్యాయత్నం చేస్తేనే 226 సెక్షన్ వర్తిస్తుంది. ఇంట్లో, హాస్టల్లో బాధతో చేసినది దాని కిందికి రాదు.

ఆసుపత్రిలో ఎంఎల్‌సీ రాయడం మాత్రం ఇప్పటికీ ఉంది. పోలీసులకు సమాచారం వెళుతుంది, వాంగ్మూలం తీసుకోవచ్చు. వేధింపుల్లాంటి కారణాలున్నాయేమో చూడటానికి అది పనికొస్తుంది. ఎంఎల్‌సీ రాశారంటే పిల్లవాడి మీద కేసు పెట్టారని కాదు. ఈ తేడాను క్యాజువాలిటీలో ఎవరైనా రెండు మాటల్లో చెబితే సగం కుటుంబాలు నిజం చెప్పేస్తాయి. పోలీసు కాగితాలు పూర్తయ్యే దాకా వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పర్మానంద్ కటారా కేసులో చెప్పింది. ప్రైవేటు ఆసుపత్రులకూ ఇది వర్తిస్తుంది.

అలాంటి పరిస్థితే వస్తే 108కు ఫోన్ చేయండి. బలవంతంగా వాంతులు చేయించకండి. ఏం తీసుకున్నారో ఆ డబ్బా లేదా స్ట్రిప్ వెంట తీసుకెళ్లి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. 'నాకేం కాలేదు, బాగానే ఉన్నా' అని వారు అన్నా ఆసుపత్రిలో చూపించాల్సిందే. డిశ్చార్జికి ముందు సైకియాట్రిస్టు వచ్చి చూడాలని మీరే అడగండి. మళ్లీ ఎప్పుడు రావాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి.

ఇక్కడ భాష గురించి ఒక మాట. నేరానికి పాల్పడ్డారు, అక్రమాలకు పాల్పడ్డారు అన్నట్టే తెలుగు వార్తల్లో 'ఆత్మహత్యకు పాల్పడ్డారు' అన్న వాడుక స్థిరపడిపోయింది. చట్టం నేరం కాదన్నా మన వాక్యం ఇంకా నేరమనే అంటోంది. ఎలా జరిగిందో వివరించొద్దని, ఒకే ఒక్క కారణానికి ముడిపెట్టొద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఫలితాల మర్నాటి శీర్షికలు చూస్తే అవి ఎంతవరకు అమలవుతున్నాయో తెలుస్తుంది.

ఏ ఆసుపత్రికి వెళ్లాలి?

'ఎర్రగడ్డకు పంపిస్తా' అనేది హైదరాబాద్‌లో తిట్టు, సినిమాల్లో జోకు. విశాఖలో చినవాల్తేరు పేరు కూడా అలాగే వాడతారు. ఈ రెండు చోట్లా ఉన్నవి ప్రభుత్వ మానసిక చికిత్సాలయాలు. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది ఓపీలో చూపించుకుని, మందులు తీసుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతారు. అయినా చాలామంది పిల్లల విషయంలో అంత దూరం వెళ్లాల్సిన అవసరం లేదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య సేవలు అందించాలి. బయల్దేరే ముందు 14416కు ఫోన్ చేసి, మీ జిల్లాలో సైకియాట్రీ ఓపీ ఎక్కడ, ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుంటే ఒక రోజు కలిసొస్తుంది. ఓపీ సాధారణంగా ఉదయం పూటే. పొద్దున్నే వెళ్లి చీటీ రాయించుకునేటప్పుడు 'సైకియాట్రీ' అని చెప్పండి. తలనొప్పి, నీరసం అని చెబితే జనరల్ మెడిసిన్‌కు పంపి విటమిన్ మాత్రలిచ్చి పంపేస్తారు.

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, పరీక్షలు, థెరపీ చేస్తారు. వారికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. అడిగి చూడవచ్చు, తప్పేం లేదు. 'కౌన్సెలర్' అన్న బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకుంటున్నారు. వారాంతపు కోర్సు చేసినవారూ అందులో ఉన్నారు. చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నప్పుడు ముందు సైకియాట్రిస్టును కలవడమే మంచిది.

మందుల గురించి రెండు సంగతులు తెలిసుండాలి. డిప్రెషన్ మందులు వేసుకున్న రోజే పనిచేయవు, రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. పది రోజులకే 'పనిచేయడం లేదు' అని మానేసేవారు చాలామంది. ఇక పాతికేళ్ల లోపు వారికి మొదలుపెట్టిన తొలి వారాల్లో దగ్గరుండి గమనించాలి. చిరాకు, కంగారు, ఆలోచనలు పెరిగితే మందు ఆపేయకుండా డాక్టరుకు చెప్పాలి. తాయెత్తు కట్టించుకున్నా, దర్గాకో చర్చికో తీసుకెళ్లినా ఇంట్లో పెద్దవాళ్లతో గొడవ పడక్కర్లేదు, మాత్ర ఆగకుండా చూసుకుంటే చాలు.

వివరాలు గోప్యంగా ఉంచడం ఆసుపత్రి బాధ్యత. చట్టంలోని 23వ సెక్షన్ ఆ హక్కు ఇస్తోంది. 'రేపు పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు తెలిస్తే?' అన్న భయం ఉన్నవారికి ఇది ముఖ్యం. మైనర్లను ఆసుపత్రిలో చేర్చుకోవడం చివరి మార్గమే. చేర్చుకుంటే పెద్దవాళ్ల వార్డులో కాకుండా విడిగా ఉంచాలి, తల్లిదండ్రులో వారి తరఫు మనిషో అన్ని రోజులూ వెంట ఉండాలి. ఆరోగ్య బీమా ఉంటే శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ వర్తింపజేయాలని అదే చట్టం చెబుతోంది.

కాలేజీ, హాస్టల్ ఏం చేయాలి?

2023లో విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించింది. ఆ కేసును సీబీఐకి అప్పగిస్తూ 2025 జులై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు జారీ చేసింది. తగిన చట్టం వచ్చే దాకా దేశంలోని స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నీ వాటికి కట్టుబడి ఉండాలి.

వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్ కానీ, సైకాలజిస్టు కానీ, సోషల్ వర్కర్ కానీ కనీసం ఒకరు ఉండాలి. చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. టెలి మానస్ నంబరును హాస్టళ్లలో, తరగతుల్లో, వెబ్‌సైట్లో పెద్ద అక్షరాలతో కనిపించేలా పెట్టాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మన దగ్గర వార్డెన్, ఫ్లోర్ ఇన్‌చార్జి కూడా ఆ శిక్షణలో కూర్చోవాలి, ఎందుకంటే రాత్రి పదకొండు గంటలకు పిల్లలకు కనిపించేది వారే.

వీటిలో తెలుగు రాష్ట్రాల ఇంటర్ కాలేజీలను నేరుగా తాకేది మరొకటుంది. మార్కుల ఆధారంగా పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయవద్దని, అందరి ముందూ అవమానించవద్దని, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టవద్దని కోర్టు చెప్పింది. వీకెండ్ టెస్ట్ ర్యాంకును బట్టి సెక్షన్ మార్చడం, కింది సెక్షన్‌కు వేరే లెక్చరర్లను పంపడం ఇక్కడ ఎంత మామూలో తల్లిదండ్రులకు తెలియంది కాదు. చాలామంది ఫీజు కట్టేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న 'మా అబ్బాయికి ఏ సెక్షన్ ఇస్తారు?' అనే. కౌన్సెలర్ ఉన్నారా, పిల్లలు ఇంటికి ఎప్పుడు ఫోన్ చేసుకోవచ్చు, ఒంట్లో బాగోలేకపోతే ఎవరు చూస్తారు అన్నవి కూడా అడ్మిషన్ రోజే అడగండి.

వేధింపులు, ర్యాగింగ్, కులవివక్ష మీద గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. ఫిర్యాదు చేసినవారి మీద కక్ష సాధింపు ఉండకూడదు. సంస్థ సకాలంలో స్పందించక, ఆ నిర్లక్ష్యం వల్ల విద్యార్థి తనకు తాను హాని చేసుకుంటే యాజమాన్యమే బాధ్యత వహించాలని కోర్టు చెప్పింది. పర్యవేక్షణకు జిల్లా స్థాయి కమిటీలు వేయాలని కూడా ఆదేశించింది. మీ కాలేజీలో ఇవి లేకపోతే రాతపూర్వకంగా ప్రిన్సిపాల్‌కు, ఆ తర్వాత కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

ఫలితాల రోజు

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు బయటపడ్డాయి. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాలను మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. ఆ లోపే పలు ఇళ్లలో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. స్క్రీన్ మీద కనిపించిన మార్కు తుది మాట కాదన్నది అప్పుడు అందరికీ అర్థమైంది.

రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి, గడువు మాత్రం కొన్ని రోజులే. ఫలితాలు వచ్చిన వెంటనే తేదీ చూసుకోవాలి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు అదే వేసవిలో జరుగుతాయి, పాసైతే అదే ఏడాది డిగ్రీలో, ఇంజినీరింగ్‌లో చేరే అవకాశం ఉంటుంది. పరీక్ష ఫెయిలైనవారికి కొద్ది రోజుల్లోనే మరో అవకాశం ఇస్తే మరణాలు తగ్గుతాయని తమిళనాడు అనుభవం చూపింది. ఈ వివరాలు ఫలితాలకు ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఫలితాలు వచ్చాక పిల్లలు వినే స్థితిలో ఉండకపోవచ్చు.

ఆ రోజు ఇంట్లో ఒకరు సెలవు పెట్టగలిగితే పెట్టండి. బంధువుల ఫోన్లు మీరే ఎత్తండి, మార్కులు ఎన్నని అడిగితే తర్వాత చెబుతానని పెట్టేయండి. ఫెయిలైన వార్త కంటే వరసగా పది మందికి అదే మాట చెప్పాల్సి రావడం పిల్లల్ని ఎక్కువ కుంగదీస్తుంది. పిల్లలు గదిలోకి వెళ్లి పడుకుంటామంటే పడుకోనివ్వండి, తలుపు మాత్రం గడియ పెట్టనివ్వకండి.